లిఫ్ట్ సేఫ్టీ గేర్: టక్కున పట్టేదా, జారుతూ ఆపేదా?

తిరుపతిలో కొత్త అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ కొటేషన్ చూసేవాళ్లు లోపలి అద్దం గురించి గంటసేపు మాట్లాడతారు గానీ సేఫ్టీ గేర్ (వేగం అదుపు తప్పితే క్యాబిన్‌ను ఆపే పరికరం) ఏ రకమో అడగరు. వేగం మామూలు కంటే కనీసం 15 శాతం మించాక గవర్నర్ (వేగాన్ని కనిపెట్టే పరికరం) తన తాడును పట్టేస్తుంది, ఆ తాడు లాగితే క్యాబిన్‌కున్న గేర్ గైడ్ రెయిల్స్‌ను, అంటే క్యాబిన్ నడిచే నిలువు పట్టాలను, బిగించి పట్టుకుంటుంది. ఇక్కడిదాకా రెండు రకాలూ ఒకటే. ఇన్‌స్టంటేనియస్ రకం టక్కున పట్టేస్తుంది, చవక, కానీ లోపలివాళ్ల మోకాళ్లు అదురుతాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 81-20 దీన్ని సెకనుకు 0.63 మీటర్ల వేగం దాకానే ఒప్పుకుంటుంది. ప్రోగ్రెసివ్ రకం కాస్త జారుతూ ఆపుతుంది. ముసలివాళ్లు కిక్కిరిసి ఎక్కే యాత్రికుల లాడ్జికైతే నేను రెండోదే అంటాను, ఖర్చెక్కువైనా. అన్నట్టు, కౌంటర్‌వెయిట్ (తాడు రెండో కొసకు సమతూకంగా వేలాడే దిమ్మ) బరువుకి ఖాళీ లిఫ్ట్ పైకి కూడా దూసుకెళ్లగలదు, కిందికి మాత్రమే పట్టే గేర్ అప్పుడు పనికిరాదు, దానికి వేరే బ్రేక్ ఉందేమో అడగండి.