ఊళ్లో ఖాళీగా ఉన్న పిల్లలకు ఏ శిక్షణ మేలు?

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఒకటే: "ఏ స్కీములో చేరిస్తే ఉద్యోగం గ్యారంటీ?" గ్యారంటీ ఎందులోనూ లేదు, లక్ష్యాలే ఉన్నాయి. ఆ లక్ష్యాన్ని ఎలా లెక్కేస్తారో తెలిస్తే, మీవాళ్లకు ఏది పనికొస్తుందో చాలావరకు తేలిపోతుంది.

2014లో మొదలైన కేంద్ర పథకం డీడీయూజీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన)లో, శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువత చేరొచ్చు, ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది. శిక్షణ ఉచితం. సంస్థకు రావలసిన డబ్బులో కొంత ప్లేస్‌మెంట్ చూపిస్తేనే వస్తుంది, మూడు నెలలు పనిచేసినట్టు రుజువుంటేనే అది ప్లేస్‌మెంట్. నాకు ఈ పథకంలో బాగా నచ్చేది ఇదే. చిక్కంతా ఆ మూడు నెలల తర్వాతే.

నందిగామ దగ్గరి పల్లె నుంచి వెళ్లిన అమ్మాయికి హైదరాబాద్ బట్టల షోరూంలో 12 వేల జీతం అనుకోండి. హాస్టల్‌కు 6 వేలు, బస్సుకు, ఫోన్‌కు, సబ్బులకు ఇంకో 2 వేలు. పండక్కి ఇంటికొచ్చి వెళ్లే చార్జీలు, ఒంట్లో బాగాలేక మానేసిన రోజుల కోత పోతే ఇంటికి 3 వేలు పంపడం కూడా గగనమే. బయటి రాష్ట్రంలో చేరినవాళ్లకు 6 నెలల పాటు నెలకు వెయ్యి చొప్పున సాయం ఇవ్వాలని నిబంధన ఉంది, దాన్ని గట్టిగా అడిగి తీసుకోవాలి. దసరాకు వచ్చిన పిల్ల తిరిగి వెళ్లనంటే బద్ధకం అని తిట్టకండి, ముందు ఈ లెక్క చూడండి.

ఇంకో కేంద్ర శిక్షణ పథకం పీఎంకేవీవై (ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన) 2015లో వచ్చింది. మొదటి మూడు విడతల్లో ప్లేస్‌మెంట్‌ను లెక్కగట్టేవారు, నాలుగో విడతలో ఆ ముడి తీసేశారు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, ఉద్యోగం మనమే వెతుక్కోవాలి. తెలిసినవాళ్ల దగ్గర పని సిద్ధంగా ఉంటే తప్ప దీన్ని నేను ముందు చెప్పను.

ఆర్‌సెటిల (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల) దారి వేరు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా ఇది. ఇప్పుడు జిల్లాల్లో బ్యాంకులే నడుపుతున్నాయి. టైలరింగ్, సెల్‌ఫోన్ రిపేరు, పాడి లాంటివి కొద్ది వారాల్లో ఉచితంగా నేర్పి, రెండేళ్లు వెన్నంటి ఉండాలి. ఇక్కడా లక్ష్యం 70 శాతమే, కానీ సొంత ఉపాధిలో స్థిరపడటం లెక్క. అసలు టెన్షన్ లోన్ దగ్గరే. శిక్షణ ఇచ్చేది బ్యాంకే అయినా లోన్ మంజూరు చేసేది మీ ఊరి బ్రాంచి. చేరకముందే పాత బాకీలు లేకుండా చూసుకుని, బ్రాంచి మేనేజర్‌తో మాట్లాడండి.

ఊరు దాటలేని గృహిణికి, చేతిలో కొంత పని ఉన్నవాళ్లకు ఆర్‌సెటి మేలు. బయటికి వెళ్లగలిగిన కుర్రాళ్లకు, అమ్మాయిలకు డీడీయూజీకేవై. చేర్చే ముందు పోయిన బ్యాచ్ వాళ్లతో మాట్లాడాలని సెంటర్‌లో అడగండి. ఇంకా అదే పనిలో ఉన్నారా, పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోగా చేతికి ఎంత వస్తోంది, ఇంటికి ఎంత పంపుతున్నారు అన్నది వాళ్లే చెబుతారు.