సొంత నీళ్లు, సొంత తిండి: వాన్ జాంట్, టెక్సస్ కౌంటీ, కాస్టిల్లా... ఏది మేలు?

వారం రోజులు కరెంటు పోయినా ఇంట్లో నీళ్లు, వెచ్చదనం, తిండి ఆగకూడదు. పొలం కొని హోమ్‌స్టెడ్ (సొంత తిండి పండించుకునే పొలం ఇల్లు) కట్టుకోవాలనుకునే ప్రిపర్, అంటే విపత్తులకు ముందే సిద్ధపడేవాడు, అడిగేది ఇదే. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలు చూడగల కౌంటీలు మూడు తీసుకుందాం. ఒకటి, ఐ-20 మీద తూర్పుకు అరవై మైళ్లు వెళ్తే వచ్చే వాన్ జాంట్ (టెక్సస్ రాష్ట్రం, ముఖ్యపట్టణం కాంటన్). రెండోది మిస్సోరిలోని టెక్సస్ కౌంటీ. పేరు చూసి పొరబడొద్దు, దాని ముఖ్యపట్టణం పేరు కూడా హ్యూస్టనే. మూడోది కొలరాడో దక్షిణాన, శాన్ లూయిస్ లోయలో ఉన్న కాస్టిల్లా. ఐదెకరాల ముక్కలు చాలా చౌకగా దొరికేది అక్కడే, మనవాళ్లు మోసపోయే వీలు ఎక్కువున్నదీ అక్కడే.

ముందు నీళ్ల లెక్క. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 623 గ్యాలన్లు వస్తాయి. వాన్ జాంట్‌లో ఏటా 43 అంగుళాలు, టెక్సస్ కౌంటీలో 45 అంగుళాల చుట్టూ పడుతుంది. 1,500 చదరపు అడుగుల రేకుల కప్పుకు, ఇరవై శాతం నష్టం తీసేసినా, ఏడాదికి 32 వేల గ్యాలన్లు దాటతాయి. తలకు రోజుకు 30 గ్యాలన్లతో సరిపెట్టుకునే నలుగురికి కావలసింది దాదాపు 44 వేలు. అంటే వాననీరు ముప్పావు వంతు తీరుస్తుంది, మిగతాది బోరు చూసుకుంటుంది. కాస్టిల్లా లోయలో పడేది పది అంగుళాలకు అటూఇటూ. పడిన దాన్నీ ఇష్టమొచ్చినట్టు పట్టుకోనివ్వరు: కొలరాడోలో మామూలు ఇంటికి రెండు పీపాలు, కలిపి 110 గ్యాలన్లే. బోరు పర్మిట్‌కు అర్హత ఉన్న గ్రామీణ స్థలాలకు వేరే మినహాయింపు ఉన్నా, ఆ నీళ్లు పర్మిట్‌లో రాసిన పనులకే వాడాలి.

అసలు ఉచ్చు ఆ పర్మిట్‌లోనే ఉంది. కొలరాడోలో 35 ఎకరాలకు తగ్గిన ముక్కకు సాధారణంగా ఇచ్చేది ఇంటి లోపలి వాడకానికి మాత్రమే పనికొచ్చే బోరు. తోటకు పెట్టకూడదు, మేకలకు పోయకూడదు. 35 ఎకరాలు దాటితే ఎకరం దాకా తోట తడుపుకోవచ్చు, పశువులకు పెట్టుకోవచ్చు. ఐదెకరాలు కొని టమాటా నాటదామనుకున్నవాడి ప్రణాళిక ఈ ఒక్క నిబంధనతో ముగిసిపోతుంది. నీళ్లు తోలుకుందామంటే, 275 గ్యాలన్ల చదరపు ట్యాంకు నిండితే నీళ్ల బరువే దాదాపు 2,300 పౌండ్లు. మామూలు హాఫ్-టన్ పికప్‌కు అది మించిన భారం, ట్రైలర్ తప్పదు.

వాన్ జాంట్‌లో చట్టం సులువు. టెక్సస్‌లో భూగర్భజలం భూమి హక్కుదారుదే, ఇంటికీ పశువులకూ 200 ఎకర-అడుగుల (ఒక ఎకర-అడుగు అంటే ఎకరం మేర అడుగు లోతు నీళ్లు) దాకా చెరువు పర్మిట్ లేకుండా తవ్వుకోవచ్చు. పదెకరాలు, ఆపైన ఉన్న స్థలంలో ఒక్క కుటుంబపు ఇంటికి, సరిహద్దు దూరాల షరతులు పాటిస్తే సెప్టిక్ పర్మిట్ కూడా అక్కర్లేదు. మిస్సోరిలో ఆ మినహాయింపు మూడెకరాలకే మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల చాలా కౌంటీల్లో జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టాలో చెప్పే నియమాలు), బిల్డింగ్ కోడ్ లేవు. అయినా కౌంటీ క్లర్కును అడిగే డబ్బు కట్టాలి.

మిస్సోరి నీళ్లకు మరో చిక్కుంది. ఓజార్క్ నేల కింద సున్నపురాయి, దాన్నిండా బొరియలు. ఎక్కడో గుంటలో పడిన వాన వడపోత లేకుండా ఊటగా బయటికొస్తుంది. అద్దంలా మెరిసే ఊటనీరు కూడా పక్కవాడి గొడ్ల దొడ్డి కడుగు కావచ్చు. పెద్ద వాన పడిన రెండు రోజుల తర్వాత నమూనా తీసి కోలిఫాం (మలం కలుషితాన్ని పట్టిచ్చే బ్యాక్టీరియా), నైట్రేట్ పరీక్ష చేయించాలి. వానల్లేని రోజుల్లో తీసిన నమూనా మంచిగా వచ్చిందని మురిసిపోతే మోసపోతాం. బోరుకు కేసింగ్ (బయటి గొట్టం) లోతుగా దించాలి, వడపోత తర్వాత క్రిములను చంపే యూవీ దీపం పెట్టాలి.

తిండి సంగతిలో వాన్ జాంట్‌దే పైచేయి. మార్చి చివరి నుంచి నవంబరు మధ్య దాకా మంచు బెడద ఉండదు. గోంగూర, బెండ, సొర, దోస, వంగ మన ఊళ్లో ఇంటివెనక కాసినట్టే కాస్తాయి. కరివేపాకును మాత్రం తొట్టిలో పెంచి చలికి లోపల పెట్టాలి. కంది పొద్దు కురచైతేనే పూస్తుంది కాబట్టి కాయ గట్టిపడేలోగా మంచు కొట్టే ప్రమాదం ఉంది. పప్పుకు అలసందలనే నమ్ముకోవాలి. పక్క కౌంటీలోని ఏథెన్స్ వాటికి పేరుమోసిన ఊరే. కౌంటీ పడమటి అంచున నల్లమట్టి మన రేగడికి బంధువే, ఎండలో బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది, పునాది పగలగొడుతుంది. ఇంటికి మధ్యభాగపు ఇసుక నేలే మేలు. గ్రాండ్ సలైన్‌లో ఉప్పు గని ఉండటం ఊరగాయలు పెట్టేవాళ్లకు అదనపు ధైర్యం. మిస్సోరిలో సాగుకాలం ఏప్రిల్ చివర నుంచి అక్టోబరు మధ్య దాకా, నేల పలచన, రాళ్లమయం. అక్కడి పచ్చికలో ఎక్కువభాగం కెంటకీ-31 ఫెస్క్యూ గడ్డి, దాని లోపలి బూజు ఆవుల ఒంట్లో వేడి పెంచి పాలు తగ్గిస్తుంది, క్లోవర్ కలిపి పలచన చేయాలి. కాస్టిల్లాలో దాదాపు 8,000 అడుగుల ఎత్తున, తొంభై రోజుల సాగుకాలంలో ఆలుగడ్డ, క్యాబేజీ తప్ప పెద్దగా ఆశించొద్దు.

మేకలు పెంచేవాళ్లకు రెండు తడి కౌంటీల్లోనూ రక్తం పీల్చే కడుపు పురుగే శత్రువు. వేసవిలో రెండు వారాలకోసారి కింది కనురెప్ప లోపల చూడాలి. ఎర్రగా ఉంటే క్షేమం, తెల్లబడితే వెంటనే మందు. మంద మొత్తానికీ మందు పోస్తే పురుగు మొండికేస్తుంది, తెల్లబడినవాటికే పోయాలి. ఓజార్క్‌లో ఇంకో మాట: లోన్ స్టార్ గోమారి కుడితే ఆల్ఫా-గ్యాల్ అలర్జీ రావచ్చు. ఆ తర్వాత మేక మాంసం, కొందరికి పాలు కూడా పడవు. మాంసం కోసం మేకలు పెంచే ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన బట్టలు, సాయంత్రం ఒళ్లంతా చూసుకోవడం తప్పనిసరి.

విపత్తుల్లో వాన్ జాంట్‌కు సుడిగాలి. 2017 ఏప్రిల్ 29న కాంటన్ పరిసరాల్లో నలుగురు చనిపోయారు. ఇంటితోపాటే షెల్టర్ లెక్కలో వేసుకోవాలి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్ గ్రిడ్ కుప్పకూలే దాకా వెళ్లింది, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కాబట్టి బోరు మోటారుకు జనరేటర్ లేదా బ్యాటరీ ఉండాలి. మిస్సోరిలో మంచువాన తీగలు తెంచుతుంది.

టెక్సస్‌లో కాగితాల్లో చూడాల్సినవి రెండు. ఖనిజ హక్కులు చాలాచోట్ల విడిగా అమ్మేసి ఉంటాయి, వాన్ జాంట్ కౌంటీలోని వాన్ అనే ఊళ్లో 1929లోనే చమురు పడింది. ఉపరితలం మీద తవ్వబోమని ఆ హక్కులున్నవాళ్లు ఇచ్చిన హామీ పత్రం ఉందో లేదో చూడాలి. వ్యవసాయ పన్ను రాయితీకి గత ఏడేళ్లలో ఐదేళ్ల సాగు చూపాలి. 5 నుంచి 20 ఎకరాల స్థలానికి తేనెటీగలతో దాన్ని నిలుపుకోవచ్చు.

డల్లాస్‌లో ఉద్యోగం వదలనివాళ్లు, పెద్దలను వెంట ఉంచుకునేవాళ్లు వాన్ జాంట్‌కే వెళ్లాలి. టైలర్ ఆసుపత్రులు గంటలోపే. ఉద్యోగం ఇంటి నుంచో, రిటైరయ్యో, ఏడాదంతా అక్కడే ఉండేవాళ్లకు టెక్సస్ కౌంటీ ఇంకా మంచిది: నీళ్లు, కట్టెలు, తక్కువ ఆస్తిపన్ను. అక్కడి హ్యూస్టన్‌లో చిన్న ఆసుపత్రి ఉంది, పెద్ద వైద్యానికి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు గంటన్నర. కాస్టిల్లాలో 35 ఎకరాలు, అందులో నీళ్లు పడే బోరు లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఎక్కడైనా బయానా ఇచ్చే ముందు రాష్ట్ర వెబ్‌సైట్లలో చుట్టూ మైలు దూరంలోని బోర్ల రికార్డులు తీయండి. తవ్విన లోతు కాదు, నీళ్లు నిలిచే మట్టం చూడండి. పైన బిగించే చేతిపంపు 25 అడుగులకు మించి లాగదు, అంతకు కిందైతే లోతు పంపు కావాలి. ఉన్న బోరైతే నాలుగు గంటలు ఆపకుండా తోడించి, ఐదు గ్యాలన్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో మొదటి గంటలోనూ చివరి గంటలోనూ కొలవండి. నిమిషానికి ఒక్క గ్యాలనే వచ్చినా రోజుకు 1,440, వెయ్యి గ్యాలన్ల ట్యాంకు పెడితే చాలు. చివరి గంటలో ధార సన్నబడితే ధర మాట్లాడే పని పెట్టుకోకండి, వేరే పొలం చూడండి.