జాన్ చార్ల్స్, ఐవర్ ఆల్‌చర్చ్: ఒకే ఊరు, రెండు దారులు

ఇద్దరూ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టినవాళ్లే. జాన్ చార్ల్స్ ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్‌కు ఆడి, 1957లో 65,000 పౌండ్లకు ఇటలీ క్లబ్ యువెంటస్‌కు వెళ్లాడు. తొలి సీజన్‌లోనే 28 గోల్స్, మొత్తం మూడు లీగ్ టైటిళ్లు. సెంటర్ ఫార్వర్డ్‌గానూ, డిఫెన్స్‌లోనూ అంతే బాగా ఆడేవాడు. అంత భారీ మనిషి, కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా రిఫరీ చేత హెచ్చరిక పొందలేదు! అందుకే ఇటలీవాళ్లు 'మంచి మహాకాయుడు' అని ముద్దుగా పిలుచుకున్నారు.

ఆల్‌చర్చ్ మాత్రం దాదాపు 29 ఏళ్లు వచ్చేదాకా స్వాన్సీలోనే, రెండో డివిజన్‌లోనే ఉండిపోయాడు. తర్వాత న్యూకాజిల్, కార్డిఫ్ క్లబ్బులు, చివరికి మళ్లీ సొంతూరు. కప్పులు తక్కువే. కానీ వేల్స్‌కు 68 మ్యాచ్‌లు ఆడాడు. చార్ల్స్‌కు దక్కినవి 38.

1958 ప్రపంచ కప్‌లో హంగరీతో ప్లేఆఫ్, అంటే క్వార్టర్‌ఫైనల్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే మ్యాచ్. వేల్స్ ఒక గోల్ వెనకబడి ఉంది. గాల్లో వచ్చిన బంతిని నేల తాకనివ్వకుండా, దూరం నుంచే ఆల్‌చర్చ్ నెట్‌లోకి కొట్టాడు. వేల్స్ 2-1తో గెలిచింది. అదే మ్యాచ్‌లో దెబ్బలు తిన్న చార్ల్స్ బ్రెజిల్‌తో క్వార్టర్‌ఫైనల్ ఆడలేకపోయాడు. పెలే గోల్‌తో వేల్స్ 0-1తో ఓడింది. ఆ లోటు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రతిభలో చార్ల్సే గొప్ప. నాకు ఇష్టమైనవాడు మాత్రం ఆల్‌చర్చే.