నాలుగు పెళ్లిళ్ల లెక్కలు మోసిన బడ్జెట్ షీట్: అడుగున ఉన్న "మొత్తం" గడి మీదే నా గొడవంతా

పెళ్లి ఖర్చుల కోసం రెడీమేడ్‌గా దొరికే టెంప్లేట్ ఇది. ఒక పేజీలో ఖర్చుల పద్దు, రెండో పేజీలో పిలిచేవాళ్ల జాబితా, మూడో పేజీలో చెల్లింపులు. గూగుల్ షీట్స్‌లో, ఎక్సెల్‌లో, లిబ్రేఆఫీస్‌లో మూడింట్లోనూ వాడాను. నాలుగు పెళ్లిళ్లు, మొదటి కొటేషన్ నుంచి ఆఖరి డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా, ఇందులోనే నడిచాయి. రంగులు, గ్రాఫులు, చెక్‌లిస్టుల సంగతి వదిలేస్తున్నాను. అవి ఏ టెంప్లేట్‌లోనైనా ఒకేలా ఉంటాయి. చెప్పాల్సింది పద్దు అడుగున లావుపాటి అక్షరాల్లో కూర్చునే "మొత్తం" గడి గురించి. ఇంటిల్లిపాదీ చూసేది ఆ ఒక్క అంకెనే. తప్పు చెప్పేటప్పుడు కూడా అంత నిబ్బరంగా చెప్పే గడి ఇంకోటి లేదు.

ముందు నచ్చింది చెప్పేస్తాను. పద్దు పైన ఒక మూల "మనుషుల సంఖ్య" అని గడి ఉంటుంది. అందులో అంకె మారిస్తే భోజనాలు, కుర్చీలు, టేబుళ్లు, వాహనాలు అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. "ఇంకో 40 మందిని పిలుద్దాం" అని ఎవరైనా అనగానే ఆ 40 మంది ఖరీదెంతో తెర మీద పడుతుంది. సగం వాదన అక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే నోటుపుస్తకం మానేసి షీట్‌కి మారినా తప్పులేదు. (దీని మీద కాస్త సవరణ ఉంది, కింద చెబుతాను.)

ఇక అసలు సంగతి. మూడో పెళ్లి లెక్కలో లైటింగ్ వరసలో "బాకీ" కాలమ్ ఒకరోజు మైనస్ 20,000 చూపించింది. అడ్వాన్స్ 20,000 ఇచ్చిన మాట నిజమే. కానీ ఒప్పుకున్న రేటు 60,000 అయినప్పుడు బాకీ 40,000 ఉండాలి. వరస తెరిచి చూస్తే, రేటు గడిలో ఎవరో "సుమారు 60000" అని కొట్టారు. మనిషి కంటికి అది అరవై వేలే. షీట్‌కి మాత్రం అది అంకె కాదు, వాక్యం. సంఖ్యని వాక్యంతో గుణిస్తే మామూలుగా వేల్యూ ఎర్రర్ రావాలి, ఎర్రర్ వస్తే ఎవరైనా చూస్తారు. కానీ టెంప్లేట్ తయారుచేసినవాళ్లు షీట్ నీట్‌గా కనబడాలని ప్రతి గుణకారం చుట్టూ ఇఫ్‌ఎర్రర్ చుట్టి, తప్పొస్తే సున్నా చూపించమని రాసిపెట్టారు. ఆ పైన సున్నాకి బదులు చిన్న అడ్డగీత కనబడే ఫార్మాట్ ఒకటి. అంటే అరవై వేలు పోయి దాని చోట ఒక గీత మిగిలింది. చూసినవాళ్లంతా ఆ వరస ఇంకా నింపలేదేమో అనుకున్నారు.

లైటింగ్‌కి అడ్వాన్స్ పడింది కాబట్టి మైనస్ కనబడింది, దొరికింది. దాని పై వరసలో అలంకరణ రేటు "85000 + పన్ను" అని ఉంది. దానికి అప్పటికి పైసా అడ్వాన్స్ ఇవ్వలేదు. అందుకని మైనస్ లేదు, ఏ గుర్తూ లేదు. అనుమానంతో వరసలన్నీ తిరగేస్తే గానీ బయటపడలేదు. రెండూ కలిపి 1,45,000 తక్కువ చూపిస్తూ "మొత్తం" నెల రోజులు హాయిగా కూర్చుంది. ఆ నెలలోనే "ఇంకా మిగులుందిగా" అని వీడియో ప్యాకేజీ పెద్దది ఒప్పుకోవడం కూడా అయిపోయింది. తప్పు రాసినవాళ్లది అనొచ్చు. కానీ నలుగురు నింపే షీట్‌లో "సుమారు" అని రాయని ఇల్లుంటుందా?

దీనికి మందు చాలా చిన్నది. ఇఫ్‌ఎర్రర్ ఉన్న ప్రతి చోటా దాన్ని పీకేసి, పరిమాణం ఇంటూ రేటు అని బోడిగా వదిలెయ్యాలి. తప్పుంటే ఎర్రర్ అడుగుదాకా పాకి "మొత్తం" గడినే పాడుచేస్తుంది. అదే కావాలి. "సుమారు", "పన్ను అదనం", "రెండ్రోజులకి" లాంటి మాటల కోసం పక్కన "గమనిక" అని ఒక కాలమ్ పెట్టాలి. అది లేకపోతే మనుషులు ఆ మాటల్ని అంకె పక్కనే ఇరికిస్తారు.

రేటు నేరుగా కూడికలోకి వెళ్లే షీట్లలో ఇంకో చిక్కు. సమ్ ఫార్ములా తన పరిధిలో ఉన్న మాటల్ని చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. మామూలుగా అంకెలు గడిలో కుడివైపుకీ, మాటలు ఎడమవైపుకీ ఒరుగుతాయి కాబట్టి కంటితో పట్టుకోవచ్చు. ఈ టెంప్లేట్‌లో అందం కోసం అన్నిటినీ మధ్యకి జరిపారు, ఆ గుర్తు కూడా పోయింది. రేటు కాలమ్‌ని ఎంచుకుని ఎడమ, కుడి, మధ్య అని ఉన్న అమరికను తీసేస్తే తప్పుడు గడులు ఎడమవైపుకి జరిగి దొరికిపోతాయి. మెసేజ్‌లోంచి కాపీ చేసిన అంకెల్లో కంటికి కనబడని ఖాళీ అంటుకుని వచ్చి అవీ మాటలైపోతుంటాయి. ఎక్సెల్‌లో ట్రిమ్ ఫార్ములా కూడా ఆ రకం ఖాళీని తియ్యదు, చేత్తో మళ్లీ కొట్టుకోవడమే సుఖం. డేటా వాలిడేషన్ పెట్టి అంకెలే రావాలని కట్టడి చెయ్యొచ్చు గానీ, ఎక్సెల్‌లో కాపీ చేసి అతికించినప్పుడు ఆ కాపలా పనిచెయ్యదు.

రోజూ పనికొచ్చే పరీక్ష ఒకటుంది. రేటు కాలమ్‌కి కౌంట్ఏ, కౌంట్ రెండూ వేసి తేడా చూడాలి. కౌంట్ఏ నిండిన గడులన్నిటినీ లెక్కపెడుతుంది, కౌంట్ అంకెల్ని మాత్రమే. తేడా 2 వస్తే రెండు గడుల్లో మాటలున్నట్టు. చేత్తో నింపే కాలమ్ మీదే ఈ పరీక్ష చెయ్యాలి. ఫార్ములాలున్న కాలమ్ మీద చేస్తే, ఖాళీగా కనబడే గడుల్ని కూడా కౌంట్ఏ నిండినట్టే లెక్కేసి లేని భయం పెడుతుంది.

ఈ "మొత్తం" గడి ఇంకో రెండు రకాలుగానూ ముంచుతుంది. ఒకటి, కొత్త వరస. కూడిక 5వ వరస నుంచి 40దాకా ఉందనుకోండి. మధ్యలో వరస చేరిస్తే పరిధి పెరుగుతుంది. 40 కింద, మొత్తానికి సరిగ్గా పైన చేరిస్తే చాలాసార్లు పెరగదు. మర్చిపోయిన ఖర్చులన్నీ ఆఖర్లోనే గుర్తొస్తాయి, చివరనే చేరుస్తాం, అందుకే అవే జారిపోతాయి. 41ని ఖాళీగా వదిలి, దానికి బూడిద రంగు వేసి, కూడికని అక్కడిదాకా రాసి, కొత్తవన్నీ ఆ బూడిద వరస పైన చేర్చుకుంటే గొడవ లేదు. రెండోది దీనికి ఉల్టా: అడ్వాన్స్‌ని కొత్త ఖర్చుగా రాయడం. ఫొటోలకి 50,000 అని పద్దులో ఉంది, 15,000 అడ్వాన్స్ ఇచ్చారు, ఎవరో "ఫొటో అడ్వాన్స్ 15,000" అని ఇంకో వరస పెట్టారు. ఖర్చు 65,000 అయి కూర్చుంటుంది. ఇచ్చిన ప్రతి పైసా చెల్లింపుల పేజీలోకే వెళ్లాలి, పద్దులో ఖర్చుకి ఒక వరసే. తిరిగి ఇచ్చే డిపాజిట్ కూడా పద్దులోకి రాకూడదు. అది ఖర్చు కాదు, కొన్నాళ్లు చేతిలో లేని డబ్బు. విరిగినదానికీ పోయినదానికీ ఎంత పట్టుకుంటారో ఆ మేరకే ఖర్చు.

పన్ను గురించి ఒక్క మాట. కొటేషన్ పన్నుతో కలిపా, విడిగానా అన్నది ప్రతి వరసకీ అడిగి రాసుకోవాలి. 10 శాతం పన్నుతో కలిపి 110 అన్నారంటే అసలు 100. 110లోంచి 10 శాతం తీసేసి 99 అనుకుంటే తప్పు, 1.1తో భాగించాలి. సర్వీస్ ఛార్జీ కూడా 10 శాతం ఉంటే పన్ను దాని మీద పడుతుందో లేదో కనుక్కోవాలి. పడితే 100 కాస్తా 121 అవుతుంది, 120 కాదు.

మనుషుల సంఖ్య గడిని మెచ్చుకున్నాను కదా. ఆ మెప్పు భోజనాలకి పూర్తిగా వర్తిస్తుంది, మిగతావాటికి అంతగా కాదు. టెంప్లేట్ ప్రతిదాన్నీ తల లెక్కన గుణిస్తుంది. టేబుల్‌కి 10 మంది చొప్పున 212 మందికి 21.2 టేబుళ్ల ఖర్చు చూపిస్తుంది. అద్దెకిచ్చేవాళ్లు 0.2 టేబుల్ ఇవ్వరు, 22 తెస్తారు. 40 సీట్ల వాహనాలైతే 120 మందికి 3, 121 మందికి 4. ఆ ఒక్క మనిషి ఖరీదు ఒక నిండు వాహనం. కాబట్టి ఇలాంటి వరసల్లో సంఖ్యని సీట్లతో భాగించి రౌండప్ పెట్టాలి. గంటల లెక్కన తీసుకునే హాలు, సిబ్బందికీ ఇంతే. అరగంట దాటినా గంట కట్టించుకునే ఒప్పందాలుంటాయి.

ఇంకా పెద్ద మోసం కనీస హామీ దగ్గర. 250 భోజనాలకి హామీ ఇచ్చాక సంఖ్యని 220కి తగ్గిస్తే షీట్ 30 భోజనాలు ఆదా అయ్యాయని సంబరపడుతుంది. బిల్లు 250కే వస్తుంది. ఆ వరసలో మ్యాక్స్ ఫార్ములా పెట్టి, హామీ, వచ్చేవాళ్లు రెండింట్లో ఏది పెద్దదో దాన్ని రేటుతో గుణించాలి. హాలు అద్దె, సంగీతం, ఫొటోల లాంటివాటికి మనుషులతో పనే లేదు, వాటి నుంచి ఆ గడిని విడదియ్యాలి. ఇవన్నీ సరిచేశాక తెలిసేదేంటంటే, పదిమందిని తగ్గిస్తే మనం అనుకున్నంత తగ్గదు.

అసలు ఆ ఒక్క గడి చాలదు కూడా. జాబితా పేజీలో వరస అంటే కుటుంబం, మనిషి కాదు. టెంప్లేట్ వరసల్నే మనుషులుగా లెక్కేస్తుంది. "ఎంతమంది" అని ఒక కాలమ్, "ఖాయం, బహుశా, కష్టం" అని ఇంకోటి చేర్చుకోవాలి. నేను వాటికి 1, 0.6, 0.2 వేస్తాను. ఖాయం 140, బహుశా 80, కష్టం 50 అయితే 140, 48, 10 కలిపి 198. పిలిచింది 270. భోజనాల అంచనా 198 మీద, ఆహ్వానాలు కుటుంబాల మీద, బస కుదిర్చేది పేరుపేరునా అడిగి. ఆ శాతాలు నా అలవాటువే. దూరాభారాన్ని బట్టి మీవి మీరు వేసుకోండి.

అదనపు నిధి కింద ఈ షీట్ మొత్తం మీద 10 శాతం కలుపుతుంది. అన్నీ తేలనంత వరకు పరవాలేదు. సగం ఖర్చులు కట్టేశాక కూడా వాటి మీద 10 శాతం కలపడం ఎందుకో? వరసకి "స్థితి" కాలమ్ పెట్టి, కొటేషన్ రానిదానికి 20, వచ్చినదానికి 10, కాగితం మీద ఒప్పుకున్నదానికి 3, కట్టేసినదానికి సున్నా అని వేస్తే, పెళ్లి దగ్గర పడేకొద్దీ నిధి దానంతటదే కరుగుతుంది. మొదట్లో పెద్దగా కనబడి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, పడనివ్వండి.

చెల్లింపుల పేజీకి వంక పెట్టను. గడువు తేదీల వారీగా సర్ది, పక్కన చేతిలో మిగిలే డబ్బు కాలమ్ నడిపిస్తే ఆఖరి రెండు వారాల్లో ఎన్ని బాకీలు ఒకేసారి మీద పడతాయో రెండు నెలల ముందే తెలుస్తుంది.

ఎవరికి పనికొస్తుందంటే చెప్పడం కష్టం. మా ఇంట్లో నింపేది నలుగురు, ముగ్గురు ఫోన్‌లోంచే నింపుతారు, నాకేమో ఫార్ములాలు కెలికే పిచ్చి. ఒక్కరే కంప్యూటర్ ముందు కూర్చుని నింపేటట్టయితే ఈ గొడవల్లో సగం ఎదురవకపోవచ్చు. యాభైమంది లోపు పెళ్లికి నోటుపుస్తకమే త్వరగా తెములుతుంది. ఫార్ములా జోలికి పోనివాళ్లు ఈ టెంప్లేట్‌ని ఉన్నదున్నట్టు వాడటం మాత్రం నాకు భయమే.

వచ్చే పెళ్లికీ నేను ఇదే వాడతాను, చిన్న మార్పుతో. ప్రతి ఖర్చుకీ "ఎవరు భరిస్తారు" అన్న కాలమ్ ఉంది. పేర్లు తప్పుగా పడకుండా దానికి డ్రాప్‌డౌన్ పెట్టి, పేరుని బట్టి కూడే సమ్ఇఫ్‌తో ఎవరి వాటా వాళ్లకి తీశాను. ఆ కూడిక పరిధి కూడా బూడిద వరసదాకానే రాశాను, కొత్త వరస జారే భయం లేకుండా. వాటాలన్నీ కలిపితే మొత్తంతో సరిపోవాలి, కౌంట్ఏ పరీక్షలో సున్నా రావాలి. రెండూ కుదిరితేనే "మొత్తం" గడిలో అంకె కనబడుతుంది. కుదరకపోతే "వరసలు చూడండి" అని ఎర్రగా వస్తుంది. నాలుగో పెళ్లిలో అది పదకొండుసార్లు ఎర్రబడింది.