డీఎల్‌ఎస్‌ఎస్‌లో నేను ఎప్పుడూ ఆన్‌లో ఉంచేది ఏది, ఆచితూచి ఆన్ చేసేది ఏది

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 2060 మీద దాదాపు ఐదేళ్లు ఆడాను, తర్వాత ఆర్‌టీఎక్స్ 4070కి మారాను, మానిటర్ 1440పీ (2560×1440 పిక్సెళ్లు), 144 హెర్ట్జ్. రెండు కార్డుల మీదా నేను ఎక్కువగా వాడిన ఫీచర్ డీఎల్‌ఎస్‌ఎస్, అంటే ఏఐ సాయంతో గేమ్‌లో ఎక్కువ ఫ్రేములు రప్పించే ఎన్విడియా టెక్నాలజీ. "అది బాగుంటుందా?" అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ పేరు కింద ఇప్పుడు వేర్వేరు పనులు చేసేవి ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి అప్‌స్కేలింగ్, తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మని పెద్ద రిజల్యూషన్‌కి తీసుకెళ్లేది. రెండోది ఫ్రేమ్ జనరేషన్, కార్డు గీసిన రెండు ఫ్రేముల మధ్యలో ఏఐతో ఇంకో ఫ్రేమ్ తయారుచేసి పెట్టేది. మొదటిది లేకుండా ఆడటం నాకిప్పుడు ఊహకి కూడా అందదు. రెండోది కొన్ని గేముల్లోనే ఆన్ చేస్తాను. సెట్టింగ్స్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది రెండూ ఒకేసారి ఆన్ చేసేస్తారు, తర్వాత గేమ్ చేతికి బరువుగా తగులుతుంటే మౌస్‌నో కంట్రోలర్‌నో అనుమానిస్తారు.

ముందు అప్‌స్కేలింగ్ సంగతి. 2018లో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో వచ్చిన మొదటి వెర్షన్‌కి ఒక్కో గేమ్ కోసం విడిగా న్యూరల్ నెట్‌వర్క్‌ని (ఏఐ మోడల్‌ని) ట్రైన్ చేయాల్సి వచ్చేది, బొమ్మ మసకగా ఉంటుందని అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి. 2020లో 2.0 వచ్చాక పరిస్థితి పూర్తిగా మారింది. ఇది పనిచేసే పద్ధతి నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ప్రతి ఫ్రేమ్‌లో కెమెరాని ఒక పిక్సెల్ కంటే తక్కువ దూరం అటో ఇటో జరుపుతారు, దాన్ని జిట్టర్ అంటారు. దాంతో ఒకే గోడని, ఒకే ఆకుని ప్రతిసారీ కొద్దిగా వేరే చోట నుంచి చూసినట్టు అవుతుంది. ఏ వస్తువు ఎటు కదిలిందో మోషన్ వెక్టర్స్ రూపంలో గేమ్ ఇంజినే చెప్తుంది. ఇక నెట్‌వర్క్ పనల్లా పాత ఫ్రేముల్లో దొరికిన వివరాల్లో ఏది ఇప్పటికీ పనికొస్తుంది, ఏది పారేయాలి అని తేల్చడం. లేని వివరాన్ని ఊహించి పూయడం కంటే, ఇంతకుముందే కంటపడిన వివరాన్ని పోగేసి దాచుకోవడమే ఇందులో ఎక్కువ. గేములు చేసే ఆర్టిస్టుల పనిని పక్కన పెట్టకుండా, వాళ్లు గీసిందాన్నే ఇంకా బాగా చూపించే ఏఐ ఇది, దీని మీద నాకు గౌరవం ఉన్నది కూడా అందుకే.

అప్‌స్కేలింగ్‌కి క్వాలిటీ, బ్యాలెన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ లాంటి మోడ్‌లుంటాయి, ఆ వరసలోనే కార్డు గీసే పిక్సెళ్లు తగ్గుతూ పోతాయి. 1440పీ మానిటర్ మీద క్వాలిటీ మోడ్ పెడితే కార్డు నిజంగా గీసేది 960పీ. అంటే తెర మీద కనిపించే దాదాపు 37 లక్షల పిక్సెళ్లకి గాను గీసేది 16 లక్షలు. 4కే తెర మీద పెర్ఫార్మెన్స్ మోడ్ అయితే 1080పీనే గీస్తుంది, అది మొత్తంలో సరిగ్గా పావు వంతు. ఇంత తక్కువ గీసి కూడా బొమ్మ అంత శుభ్రంగా రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. చాలా గేముల్లో వాటి సొంత టీఏఏతో (మెట్లు మెట్లుగా కనిపించే అంచుల్ని నునుపు చేసే పద్ధతి) ఫుల్ రిజల్యూషన్‌లో ఆడటం కంటే డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీలోనే కరెంటు తీగలు, జాలీ కంచెలు, జుట్టు అంచులు నిలకడగా కనిపిస్తాయి. దీని బలహీనత ఎక్కడుందో కూడా పైన చెప్పిన పద్ధతిలోనే ఉంది: మోషన్ వెక్టర్స్ సరిగా అందని వాటి దగ్గర, అంటే వాన చినుకులు, నిప్పురవ్వలు, దూరంగా ఎగిరే పక్షులు, వాటి వెనక పాత ఫ్రేముల జాడ తోకలా మిగిలిపోతుంది. ఘోస్టింగ్ అనేది దీన్నే. కొత్తగా మొదలుపెట్టే గేమ్‌లో నేను మొదట చూసేది ఇదే, ఆకాశం వైపు కెమెరా తిప్పి ఒక నిమిషం పక్షుల్ని చూస్తాను.

2025 జనవరిలో ప్రకటించిన డీఎల్‌ఎస్‌ఎస్ 4తో లోపలి మోడల్‌నే మార్చారు, కన్వల్యూషన్ నెట్‌వర్క్ అనే పాత రకం పోయి ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త రకం వచ్చింది. కదులుతున్న టెక్స్చర్ల స్పష్టత ఒక్కసారిగా పెరిగింది, ఇదివరకు క్వాలిటీ మోడ్‌లో ఆడిన గేముల్ని ఇప్పుడు బ్యాలెన్స్‌డ్‌లో పెట్టినా నాకు తేడా తెలియడం లేదు. ఇంకా మంచి విషయం ఏమిటంటే 2018 నాటి 20 సిరీస్ కార్డులకి కూడా ఈ కొత్త అప్‌స్కేలింగ్ మోడల్ వస్తుంది. పాత కార్డుల మీద ఇది కాస్త బరువైన పనే, కొన్ని ఫ్రేములు తగ్గుతాయి, అయినా అన్నేళ్ల క్రితం కొన్న కార్డు మీద బొమ్మ మెరుగవడం అంటే మాటలా? ఈ ఒక్క కారణంతో నా పాత 2060ని తీసేయకుండా రెండో కంప్యూటర్‌లో పెట్టుకున్నాను.

ఇక ఫ్రేమ్ జనరేషన్. ఇది 2022లో 40 సిరీస్‌తో వచ్చింది. ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒక్కటే, మధ్య ఫ్రేమ్‌ని తయారు చేయాలంటే దాని తర్వాతి ఫ్రేమ్ ముందే చేతిలో ఉండాలి, అంటే గీసేసిన ఫ్రేమ్‌ని కాసేపు ఆపి చూపించాలి. ఏ కంపెనీది వాడినా ఈ రకం పద్ధతిలో ఆ ఆలస్యం తప్పదు. పైగా తయారైన ఫ్రేమ్‌లకి మీ చేతి కదలికతో సంబంధం లేదు, గేమ్ మీ మౌస్‌ని పట్టించుకునేది కార్డు నిజంగా గీసే ఫ్రేముల్లోనే. 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) వచ్చే గేమ్‌లో దీన్ని ఆన్ చేస్తే కౌంటర్‌లో అంకె 60 దగ్గరికి వెళ్తుంది, కళ్లకి మెత్తగానే కనిపిస్తుంది, కానీ ఒక్కో అసలు ఫ్రేమ్‌కి 33 మిల్లీసెకన్లు పడుతూనే ఉంటుంది, దాని మీద ఈ ఆలస్యం కూడా కలుస్తుంది. రిఫ్లెక్స్ అనే ఫీచర్ ఈ ఆలస్యాన్ని కొంత తగ్గిస్తుంది, ఆ ఫీచర్‌ని ఎప్పుడూ ఆపకండి, అయినా 30ని అది 60 చేయలేదు.

దీనికి ఖర్చు కూడా ఉంటుంది. నా కార్డు మీద ఒక గేమ్‌లో ఫ్రేమ్ జనరేషన్ లేకుండా 70 వస్తుంటే, ఆన్ చేశాక కౌంటర్ 118 దగ్గర నిలబడింది. అంటే అసలు ఫ్రేములు 59కి పడిపోయాయన్నమాట! నెమ్మదిగా నడిచే కథ గేమ్, కంట్రోలర్‌తో ఆడేది కాబట్టి నాకు అది సరే అనిపించింది, తిరిగినప్పుడల్లా తెర జారినట్టు మెత్తగా ఉంది. సైబర్‌పంక్ 2077లో పాత్ ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) పెట్టుకుని నియాన్ వెలుగుల్లో ఊరంతా తిరగడానికి ఇంతకంటే మంచి తోడు లేదు. అదే గురి చూసి కాల్చే ఆన్‌లైన్ గేమ్‌లో అయితే మొదటి రౌండ్‌లోనే ఆపేశాను. నేను పెట్టుకున్న లెక్క ఇది: ఆన్ చేయకముందు కనీసం 60, వీలైతే 70 రావాలి. అంత రాకపోతే ముందు అప్‌స్కేలింగ్‌ని ఒక మెట్టు దించండి, షాడోలు తగ్గించండి, ఫ్రేమ్ జనరేషన్ దాకా తర్వాత రండి.

2025లో 50 సిరీస్‌తో మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అని, గీసిన ఒక్కో ఫ్రేమ్‌కి మూడు దాకా తయారుచేసిన ఫ్రేములు ఇచ్చేది వచ్చింది. అలా మూడేసి ఫ్రేముల్ని పెర్ఫార్మెన్స్ అప్‌స్కేలింగ్‌తో కలిపితే తెర మీద ప్రతి 16 పిక్సెళ్లలో 15 ఏఐ చేసినవే. ఆ కార్డు నా దగ్గర లేదు కాబట్టి దాని మీద తీర్పు చెప్పను. కానీ 50 సిరీస్‌ని ప్రకటించిన రోజు ఎన్విడియా సీఈఓ జెన్సెన్ హువాంగ్ వేదిక మీద ఆర్‌టీఎక్స్ 5070కి 4090 పెర్ఫార్మెన్స్ ఉందని చెప్పడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. తయారుచేసిన ఫ్రేముల్ని లెక్కలో కలిపితేనే కుదిరే పోలిక అది. కార్డు కొనేవాళ్లు రివ్యూల్లో ఫ్రేమ్ జనరేషన్ ఆపి చూపించిన గ్రాఫ్‌నే ముందు చూడాలని నా గట్టి అభిప్రాయం.

పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వైపు 2025లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ 4 అనే అప్‌స్కేలర్ కూడా మెషిన్ లెర్నింగ్‌కే మారింది, ఇంటెల్‌కి ఎక్స్‌ఈఎస్‌ఎస్ ఉంది. పోటీ ఉండటం మనకే మంచిది.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. అప్‌స్కేలింగ్ బలహీనమైన కార్డుకి ఊతంగా ఉండాల్సింది, ఇప్పుడు కొన్ని గేములకి అదే పునాది అయిపోతోంది. 2023లో రెమ్నెంట్ 2 చేసినవాళ్లు గేమ్‌ని అప్‌స్కేలింగ్‌ని దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేశామని బాహాటంగానే చెప్పారు, ఆ నిజాయితీని మెచ్చుకుంటాను, కానీ ఆ దారి సరైనదని ఒప్పుకోలేను. పేరు చెప్పను గానీ ఒక పెద్ద గేమ్ విడుదలైన వారంలోనే కొని, కొత్త గదిలోకి వెళ్లిన ప్రతిసారీ షేడర్లు (వెలుగూ రంగూ లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) ప్రాసెసర్ మీద కంపైల్ అవుతూ గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే రెండు రాత్రులు సెట్టింగ్స్‌తోనే గడిపాను. అక్కడ ఏ అప్‌స్కేలర్ ఏం చేయగలదు? ఆగిపోయిన ప్రాసెసర్‌ని పిక్సెళ్లు తగ్గించి కదిలించలేం కదా.

ఇంకో మాట కూడా మనసులో ఉంది. ఇంత తెలివి పిక్సెళ్ల మీద పెడుతున్నారు, శత్రువుల మీద ఎందుకు పెట్టరు? 2005లో వచ్చిన ఫియర్ అనే షూటింగ్ గేమ్‌లో సైనికులు ఒక లక్ష్యం పెట్టుకుని దానికి తగ్గ ప్లాన్ వేసుకునే పద్ధతితో పనిచేసేవాళ్లు, పక్కనుంచి చుట్టుముట్టేవాళ్లు, బల్లలు పడేసి చాటు చేసుకునేవాళ్లు. ఇరవై ఏళ్లు దాటినా గేముల్లో మంచి ఏఐ ఏదంటే ఇప్పటికీ చాలామంది దాని పేరే చెప్తారు.

ప్రస్తుతం నా సెట్టింగ్స్ ఇవి: అప్‌స్కేలింగ్ క్వాలిటీ లేదా బ్యాలెన్స్‌డ్, ట్రాన్స్‌ఫార్మర్ మోడల్, రిఫ్లెక్స్ ఎప్పుడూ ఆన్, షార్ప్‌నెస్ సున్నా, ఫ్రేమ్ జనరేషన్ కథ గేముల్లో మాత్రమే. గేమ్ మెనూల్లో ఒక్క మార్పు వస్తే చాలా సంతోషిస్తాను: ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేయగానే ఆ స్విచ్ పక్కన అసలు ఫ్రేములెన్ని, తయారుచేసినవెన్ని అని రెండు అంకెలూ విడివిడిగా చూపించాలి.