మెదడు ఆపరేషన్ తర్వాత మా తమ్ముడికి నడక, మాట నేర్పిన కేంద్రం

గత ఫిబ్రవరిలో విశాఖలోని ఎన్‌.ఏ.డి. కూడలి దగ్గర బండి జారిపడి మా తమ్ముడి తలకు ఎడమవైపు బలమైన దెబ్బ తగిలింది. మెదడును కప్పే పొర కింద గడ్డకట్టిన రక్తాన్ని తీసేసి, వాపు వల్ల మెదడు నలిగిపోకుండా పుర్రె ఎముక ముక్కను కూడా తొలగించి, దానిని పొట్ట చర్మం కింద భద్రపరిచారు. ఇంటికి వచ్చేనాటికి అతని కుడి చేయి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మనం అన్నది అర్థమయ్యేది గాని బదులు చెప్పలేకపోయేవాడు. ఆ తర్వాత నాలుగు నెలలు మేము వెళ్లిన, అక్కడి ఒక ప్రైవేటు పునరావాస కేంద్రం గురించి, పేరు చెప్పకుండా, రాస్తున్నాను.

ఫిజియోథెరపీలో వంక పెట్టడానికి లేదు. ఎముక లేనివైపు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమని, హెల్మెట్ పెట్టనిదే కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. మే నెల ఉక్కపోతలో లోపలంతా చెమటతో తడిసిపోతుంటే, పల్చటి నూలుగుడ్డ వేసి రోజూ మార్చమని చెప్పింది కూడా వారే. ఆరో వారానికి చేతికర్రతో నడిచాడు.

అంతకంటే గొప్పది మాట నేర్పిన పద్ధతి. ఆదివారం నుంచి వారాల పేర్లు వరసగా అప్పజెప్పేవాడు గాని, ఈ రోజు ఏ వారమని అడిగితే నోరు పెగిలేది కాదు. అలవాటుగా వచ్చే మాట వేరు, వెతుక్కుని చెప్పే మాట వేరని స్పీచ్ థెరపిస్టు మాకు ఓపికగా వివరించారు. చేప బొమ్మ చూపించి, “చం...” అని మొదటి అక్షరం మాత్రం అందించి, ఆమె మౌనంగా కూర్చునేవారు. పెదవులు బిగించి, నుదురు ముడిచి, చాలాసేపటికి వాడు “చందువ” అన్న రోజున అమ్మ గది బయటకు వెళ్లి ఏడ్చింది.

అయితే ఒక విషయంలో నాకు గట్టి ఫిర్యాదు ఉంది. ఇలాంటి గాయం తర్వాత మతిమరుపు, పట్టరాని కోపం, చప్పుడు భరించలేకపోవడం, కాసేపటికే అలసిపోవడం సాధారణమని మొదటి రెండు నెలలు మాకు ఎవరూ చెప్పలేదు. మిక్సీ శబ్దానికి వాడు అన్నం కంచం విసిరికొడితే, మొండితనమనుకుని నేనే తిట్టాను. చివరకు నేను అడిగితే గాని, శనివారాల్లో సైకాలజిస్టు వస్తారన్న సంగతి తెలియలేదు. ఆమె చెప్పినట్టు గోడకు దినచర్య రాసిన పలక తగిలించి, మధ్యాహ్నం గంటసేపు చీకటి గదిలో పడుకోబెట్టడం మొదలుపెట్టాక ఇల్లు కుదుటపడింది. ఈ సలహా మొదటిరోజే రావలసింది.

లిఫ్టు రెండుసార్లు పాడైతే మొదటి అంతస్తుకు కుర్చీతో సహా మోసుకెళ్లాం. నిరీక్షించే గదిలో టీవీ మోత తగ్గించమంటే మాత్రం వెంటనే కట్టేశారు.

జూలైలో ఎముక తిరిగి అమర్చారు; ఇప్పుడు మాట కోసం వారానికి ఒకసారి వెళుతున్నాం. ఇలాంటి కేంద్రానికి మీరు వెళితే సైకాలజిస్టు అపాయింట్‌మెంటు మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. వీలైతే ఉదయం తొమ్మిది గంటల సమయమే కోరండి. సాయంత్రానికి మా తమ్ముడికి తెలిసిన మాటలు కూడా అందేవి కావు.