రూట్ వర్డ్స్ నోట్సు: హ్యావక్ పేజీ దగ్గర తేలిపోయింది

నెల్లూరు వీఆర్సీ సెంటర్ చుట్టుపక్కల జిరాక్సు కొట్లలో స్పైరల్ బైండింగ్ వేసి అమ్ముతున్న ఇంగ్లీషు రూట్ వర్డ్స్ నోట్సు ఇది. బ్యాంకు, ఎస్సెస్సీ పరీక్షలకు కూర్చునే పిల్లలు ఎక్కువగా కొంటున్నారు. ఇలాంటివి కొనేముందు మొదటి పేజీ చూసి లాభం లేదు, అది ఎవరైనా బాగానే రాస్తారు. కాస్త పెంకి మాట ఒకటి వెతికి చూడాలి. తుఫాను మర్నాడు ఇంగ్లీషు పేపర్లో తప్పకుండా కనబడే హ్యావక్ అందుకు సరిపోతుంది.

నోట్సులో దానికి రెండే లైన్లు. అర్థం వినాశనమట. పాత ఇంగ్లీషులో డేగను హఫొక్ అనేవారు గనుక, డేగ కోడిపిల్లల మీద పడ్డట్టు పడటమే హ్యావక్ అట. ముచ్చటగానే ఉంది గానీ తప్పు. డేగను హఫొక్ అన్నది నిజమే, కానీ అది అరిగి హాక్ అయింది. హ్యావక్‌తో దానికి చుట్టరికం లేదు.

హ్యావక్ ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో హవోత్ అంటే దోపిడీ. ఇంగ్లండు దొరలు మాట్లాడిన ఫ్రెంచిలో అది హవోక్ అయి, యుద్ధంలో వేసే కేకగా మారింది. ఆ కేక వినబడితే ఇక వరసలో నిలబడక్కర్లేదు, ఎవరికి దొరికింది వాళ్లు దోచుకోవచ్చు. అయితే గెలుపు తేలకముందే ఎవడో నోరు జారితే సైన్యం మూటలు కట్టుకునే పనిలో పడేది. అవతలివాడు తిరగబడితే అంతే సంగతులు. అందుకే 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ స్కాట్లండు మీదికి పోతూ డర్హమ్‌లో ప్రకటించిన యుద్ధ నియమాల్లో ఆ కేకకు మరణశిక్ష పెట్టారు. 15వ శతాబ్దం చివరికి మాట దోపిడీని వదిలి నాశనానికి తిరిగింది.

కట్టు తప్పడమన్న ఆ పాత వాసన ఇప్పటికీ పోలేదు. జేసీబీ పెట్టి పద్ధతిగా గోడ కూలిస్తే అది డెమాలిషన్. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసుకుపోయిందే, అది హ్యావక్. నోట్సు రాసినవాళ్లు వినాశనం బదులు బీభత్సం అని ఉంటే సగం పని అయిపోయేది. తమాషా ఏమిటంటే బీభత్సం కూడా ఇల్లు మారిన మాటే. నవరసాల్లో అది ఏవగింపు, మన పేపర్లలో తుఫాను.

వాడుక దగ్గర నోట్సు ఇంకా పలచన. హ్యావక్ ముందు వచ్చే క్రియను రెక్ అని అచ్చేశారు. అది రీక్, అంటే కలిగించడం, చివర్లో ఏకే. పడగొట్టే రెక్ వేరు, అక్కడ ఈసీకే. ఎర్రర్ స్పాటింగులో పిల్లలు పడేది ఇక్కడే. భూతకాలం రీక్డ్. రాట్ అని రాసినా తప్పు కాదు, కాకపోతే అది రీక్ రూపం కాదు, వర్క్‌కు పాత భూతకాలం. ముందు ‘ఎ’ పెట్టకూడదు. ప్లే హ్యావక్ అంటే వెనక విత్ రావాలి.

డెసిమేట్ పేజీ కొంత నయం. రోమన్ సైన్యంలో తిరగబడ్డ దళానికి చీట్లు వేసి, పదిమందిలో ఒకణ్ణి తోటివాళ్ల చేతే చంపించడం సరిగ్గానే చెప్పారు. పది అనే లాటిన్ డెకెమ్, దశమిలో ఉన్న మన దశ ఒకే వేరు మాటలన్నదీ నిజమే. కానీ ఇప్పటి అర్థం ‘పూర్తిగా తుడిచిపెట్టడం’ అని రాశారు. చాలా భాగం పోవడం అంటే సరిపోయేది. డిస్ట్రాయ్ ఒక్కటే లోటు లేకుండా ఉంది: స్ట్రుయెరె అంటే పేర్చడం, ముందు డీ పడితే పేర్చినదాన్ని విప్పెయ్యడం.

జిరాక్సు మీద జిరాక్సు తీయడంతో సీ అక్షరానికీ ఈ అక్షరానికీ తేడా తెలియడం లేదు, స్పెల్లింగు నేర్చుకునే పుస్తకంలో అది చిన్న లోపం కాదు. లాటిన్ వేర్ల పట్టిక వరకు కాపీ తీయించుకుంటే చాలు. ఫ్రెంచి, పాత ఇంగ్లీషు మాటలున్న వెనక భాగానికి డబ్బులు పెట్టొద్దు.